ఆటపెట్టెలో ఏది ఊడుతుంది, ఏది ఊడదు?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను ఎవరూ పూర్తి పేరుతో పిలవరు. సీటీసీ అంటారు. ముషీరాబాద్ నుంచి, తార్నాక నుంచి, ఉస్మానియా హాస్టళ్ల నుంచి కంప్యూటర్ విడిభాగాల కోసం అక్కడికి పోయే కుర్రాళ్లకు లెక్కలేదు. పాత ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి "అన్నా, ర్యామ్ ఎయ్యి" అంటే టీ తాగేలోపు పని అయిపోతుంది. అదే కౌంటర్ మీద, రెండు చేతులతో పట్టుకుని ఆడుకునే ఆటపెట్టెను, అంటే హ్యాండ్‌హెల్డ్ కన్సోల్‌ను పెట్టి "దీంట్ల ర్యామ్ ఎక్కువ ఎయ్యొచ్చా?" అని అడిగితే జవాబు మారిపోతుంది. "ర్యామ్ గాదు తమ్మీ, ఎస్‌ఎస్‌డీ అయితే ఏస్తా."

కుర్రాడికి సందేహం రావడం సహజం. ఇదీ కంప్యూటరే అని చెప్పి అమ్మారు కదా! ఒక ముక్క ఊడితే ఇంకో ముక్క ఎందుకు ఊడదు? మనచేత రెండేళ్లకోసారి కొత్తది కొనిపించే ఎత్తుగడా ఇది?

కొంత ఎత్తుగడే. కానీ అంతా కాదు. ఎక్కడ భౌతికశాస్త్రం అడ్డుపడుతోంది, ఎక్కడ కంపెనీ అడ్డుపడుతోంది అన్నది విడదీసి చూడటం ఈ అధ్యాయం పని.

నల్ల బొట్టు కాలం

1990ల్లో మన ఊళ్లలో పెరిగినవాళ్లకు తొలి ఆటపెట్టె బ్రిక్ గేమ్. అడ్డం పది, నిలువు ఇరవై గళ్లున్న చిన్న తెర, పెన్సిల్ సెల్లులు, పైన గొప్పగా "9999 ఇన్ 1" అన్న ముద్ర. ఆటలు నిజానికి కొన్నే. వేగం మార్చి, అడ్డంకులు మార్చి లెక్క పెంచేవారు. దాన్ని విప్పి చూసిన పిల్లలకు లోపల దొరికేది ఆకుపచ్చ పలక, దాని నడుమ గట్టిపడిన నల్ల బొట్టు. చిప్‌ను నేరుగా పలకకు అతికించి, ఆ సన్నటి తీగలు తెగకుండా పైన పోసిన ఎపాక్సీ అది. ఆలోచించే భాగం, ఆటల ప్రోగ్రామ్, జ్ఞాపకం, అన్నీ ఆ బొట్టు కిందే. చౌకగా చేయడానికి అంతకు మించిన దారి లేదు. పాడైతే పారేయడమే. పెంచుకోవడమన్న మాటే లేదు.

అంతకు కాస్త ముందే, 1989లో, జపాన్ కంపెనీ నింటెండో గేమ్ బాయ్ తెచ్చింది. దాన్ని రూపొందించిన బృందానికి పెద్ద గున్‌పేయ్ యొకోయి. కొత్త సాంకేతికత వెంట పరిగెత్తొద్దు, బాగా నలిగి చౌకైనదాన్ని తెలివిగా వాడమన్నది ఆయన సిద్ధాంతం. అందుకే రంగుల్లేవు, వెనక దీపం లేదు. 160 చుక్కల వెడల్పు, 144 చుక్కల ఎత్తు, నాలుగు ఛాయలు, 8 కిలోబైట్ల పని జ్ఞాపకం. మరుసటి ఏడాది సెగా కంపెనీ గేమ్ గేర్ వచ్చింది. రంగుల తెర, వెనక దీపం. కానీ ఆరు సెల్లులు నాలుగైదు గంటల్లో ఖాళీ అయ్యేవి. గేమ్ బాయ్ నాలుగు సెల్లులతో అంతకు కొన్ని రెట్ల సమయం నడిచేది. అమ్మకాల్లో ఏది గెలిచిందో వేరే చెప్పక్కర్లేదు.

గేమ్ బాయ్‌లో మనకు కావాల్సిన సంగతి ఇంకోటుంది. ఆట విడిగా క్యాట్రిడ్జ్‌లో వచ్చేది. కొన్ని క్యాట్రిడ్జ్‌లలో అదనపు జ్ఞాపకం, దాన్ని బతికించే బిళ్ల బ్యాటరీ కూడా ఉండేవి. అంటే పెట్టెను పెంచుకునే పని అప్పట్లో ఆటతోపాటే జరిగిపోయేది. అన్నేళ్ల కిందటి బడ్జెట్ యంత్రానికి ఆ ఏర్పాటు ఉండటం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

దోసె బండి లెక్క

ఇప్పటి పెట్టె లోపలి సంగతి తెలియడానికి క్యాంపస్ గేటు దగ్గర నిలబడే దోసె బండి చాలు. మాస్టర్ పక్కకు అడుగు వేయకుండా పని చేస్తాడు. పెనం పక్కన, చెయ్యి చాస్తే అందే పలక మీద పిండి గిన్నె, ఉల్లి ముక్కలు, కారం, నూనె. బండి కింద అరలో రేపటి సరుకు. రోడ్డవతల కిరాణా కొట్టు. కాళ్ల దగ్గర గ్యాస్ సిలిండర్.

మాస్టర్ అంటే ప్రాసెసర్. నిజానికి ఒకే పెనం దగ్గర ఇద్దరు మాస్టర్లున్నారనుకోండి. ఒకరు ఆట నియమాలు చూసుకునే మామూలు ప్రాసెసర్, ఇంకొకరు తెర మీద బొమ్మ గీసే చిత్ర ప్రాసెసర్, అంటే జీపీయూ. పలక ర్యామ్. దాన్ని పని జ్ఞాపకం అందాం. కింది అర ఎస్‌ఎస్‌డీ, అంటే నిల్వ జ్ఞాపకం. కిరాణా కొట్టు మెమరీ కార్డు. సిలిండర్ బ్యాటరీ.

ఈ బండికి అర పెద్దది చేయించుకోవచ్చు. కొట్టు మార్చొచ్చు. కానీ పలకను పెంచాలంటే బండినే కోయాలి. పెంచినా దోసెలు త్వరగా రావు. చోటు చాలక గిన్నెలు మాటిమాటికీ కిందికీ పైకీ మారుస్తుంటేనే పెద్ద పలకతో లాభం. ఉన్నచోటు సరిపోతుంటే అదనపు చోటు ఖాళీగా పడి ఉంటుంది.

అసలు పెట్టెల్లోకి వద్దాం. అమెరికాకు చెందిన వాల్వ్ కంపెనీ 2022 ఫిబ్రవరిలో స్టీమ్ డెక్ తెచ్చింది. మన దేశంలో ఆ కంపెనీ దాన్ని నేరుగా అమ్మదు. డాలస్ నుంచో, న్యూజెర్సీ నుంచో సెలవులకొచ్చే అన్నల సూట్‌కేసుల్లోనో, దిగుమతి వ్యాపారుల చేతుల మీదుగానో హైదరాబాద్ చేరుతుంది. తైవాన్ కంపెనీ ఆసుస్ తన ఆర్‌ఓజీ అలైని మాత్రం 2023 జూలైలో ఇక్కడే అధికారికంగా విడుదల చేసింది. రెండిటిలోనూ చిప్ ఏఎమ్‌డీదే. ఆ కంపెనీ డిజైన్ కేంద్రం ఒకటి మన హైదరాబాద్‌లోనే ఉంది. రెండిటిలోనూ ర్యామ్ 16 జీబీ, ఏడంగుళాల తెర, 40 వాట్-గంటల బ్యాటరీ. ఈ రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టుకుంటే మన ప్రశ్నకు జవాబు సగం దొరుకుతుంది.

మూడు సెంటీమీటర్ల పరుగు

స్టీమ్ డెక్ తొలి మోడల్‌లో ర్యామ్ నుంచి ప్రాసెసర్‌కు సెకనుకు 88 జీబీ సమాచారం పారగలదు. దీన్ని దారి వెడల్పు, అంటే బ్యాండ్‌విడ్త్ అంటారు. రెండు ర్యామ్ కడ్డీలు వేసిన మామూలు డీడీఆర్4 ల్యాప్‌టాప్‌లో ఇది 51 జీబీ. చిన్న పెట్టెకు అంత పెద్ద దారి ఎందుకంటే, చిత్ర ప్రాసెసర్‌కు విడిగా జ్ఞాపకం లేదు. పెద్ద కంప్యూటర్లలో గ్రాఫిక్స్ కార్డు తన జ్ఞాపకం తానే తెచ్చుకుంటుంది. ఇక్కడ ఇద్దరికీ ఒకే పలక. డెక్ తెర మీద అడ్డం 1280, నిలువు 800 చుక్కలు, మొత్తం పది లక్షల పైచిలుకు. వాటిని సెకనుకు 60 సార్లు కొత్తగా గీయాలి. ఒక్కో చుక్క కోసం జ్ఞాపకంలోకి ఎన్నోసార్లు తొంగిచూడాలి.

ఆ 88 జీబీ వేగం రావాలంటే ఒక్కో తీగ మీద సెకనుకు 550 కోట్ల బిట్లు నడవాలి. అంటే ఒక బిట్‌కు దక్కే సమయం నానో సెకనులో ఐదో వంతుకన్నా తక్కువ. నానో సెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు. సర్క్యూట్ పలక మీద విద్యుత్ సంకేతం ఒక నానో సెకనులో సుమారు 15 సెంటీమీటర్లు పోతుంది. గుణించి చూడండి. ఒక బిట్ కాలం ముగిసేలోపు సంకేతం మూడు సెంటీమీటర్లు కూడా దాటదు.

ల్యాప్‌టాప్‌లో ర్యామ్ గుచ్చే గాడి ప్రాసెసర్ నుంచి కొన్ని సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడికి చేరే సంకేతం పలక తీగ నుంచి గాడిలోని స్ప్రింగు రేకులోకి, అక్కడి నుంచి కడ్డీలోకి దూకాలి. లోహం మందం మారిన ప్రతిచోటా సంకేతంలో కొంత వెనక్కి తిరిగొస్తుంది. అలా తిరిగొచ్చిన భాగం వెనకే వస్తున్న బిట్‌తో కలిసి దాన్ని చెడగొడుతుంది. గాడిని జయించడానికి సంకేతాన్ని గట్టిగా పంపొచ్చు, కానీ గట్టిగా పంపితే కరెంటు తాగుతుంది. ఆటపెట్టెల్లో వాడే ఎల్‌పీడీడీఆర్5 రకం జ్ఞాపకం తీగల మీద సంకేతాలను అర వోల్టుతోనే నడుపుతుంది. పెద్ద కంప్యూటర్ల డీడీఆర్5కు ఇది 1.1 వోల్టులు. అర వోల్టు గుసగుస దూరం పోదు, గాడి దాటి అసలే పోదు. అందుకే చిప్పులను ప్రాసెసర్ పక్కనే, టంకంతో పలకకు అతికించేస్తారు.

ఇందులో పిసినారితనం లేదా? గాడి లేకపోవడం వల్ల కంపెనీకి డబ్బు మిగులుతుంది, నిజమే. కానీ గాడి పెట్టి ఉంటే ఇదే బ్యాటరీతో ఇదే వేగం వచ్చేది కాదు. ఈ ఒక్క విషయంలో నేను కంపెనీల పక్షాన నిలబడతాను.

ర్యామ్ పెరిగితే ఏమవుతుందో ఆసుస్ తానే చేసి చూపించింది. 2024లో వచ్చిన అలై ఎక్స్‌లో ప్రాసెసర్ పాతదే, జెడ్1 ఎక్స్‌ట్రీమ్. ర్యామ్ మాత్రం 24 జీబీ అయింది, దాని వేగమూ పెరిగింది. చాలా ఆటలు కాస్త సాఫీగా నడిచాయి. అందులో పరిమాణం వాటా ఎంత, దారి వెడల్పు వాటా ఎంత అంటే ఆటను బట్టి ఉంటుంది. విండోస్ కూడా అదే ర్యామ్‌లో చోటు అడుగుతుంది కనుక అలైకి 16 ఇరుకే. వాల్వ్ సొంత లినక్స్ వ్యవస్థతో నడిచే డెక్‌కు అంత ఇరుకు లేదు.

పట్టు వదలనివాళ్లు ఎక్కడైనా ఉంటారు. విదేశాల్లో కొందరు మరమ్మతు నిపుణులు వేడిగాలి యంత్రంతో డెక్ ర్యామ్ చిప్పులు ఊడదీసి, రెట్టింపు పరిమాణం ఉన్నవి అతికించి, యంత్రం నిద్రలేవగానే చదివే బయాస్ ప్రోగ్రామ్‌ను కూడా మార్చి 32 జీబీ చేసి చూపారు. మొబైల్ చిప్పులు మార్చే చెయ్యి తిరిగిన పనివాళ్లు మన ఊళ్లోనూ ఉన్నారు, పని అసాధ్యమేమీ కాదు. కానీ చిప్పు కింద వందల టంకపు బొట్లలో ఒక్కటి సరిగా అతకకపోయినా పెట్టె లేవదు. వచ్చే లాభానికి ఆ సాహసం దండగ.

ఇది ఎప్పటికీ ఇంతేనా అంటే, కాకపోవచ్చు. గాడిలో గుచ్చడానికి బదులు జ్ఞాపకపు బిళ్లను పలక మీద పరిచి స్క్రూలతో అదిమి బిగించే ఎల్‌పీక్యామ్2 అనే కొత్త పద్ధతి 2024లో ల్యాప్‌టాప్‌ల్లోకి వచ్చింది. దూరం తగ్గింది, గాడి పోయింది, ఊడదీసే వీలు మిగిలింది. చేతిలో పట్టే పెట్టెలో ఆ బిళ్లకు చోటు ఎక్కడ దొరుకుతుందన్నదే చిక్కు.

కింది అర, కిరాణా కొట్టు

ఎస్‌ఎస్‌డీ కథ వేరు. అది సెకనుకు మూడు జీబీ చొప్పున పంపినా ఎవరూ తొందరపెట్టరు. అందుకే దానికి గాడి చాలు. డెక్‌లోనూ మొదటి అలైలోనూ ఉండేది ఎమ్.2 2230 రకం. ఆ అంకెల్లోనే కొలత ఉంది, 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 పొడవు. 80 పొడవుండే 2280 రకం మామూలు ల్యాప్‌టాప్‌ల్లో దొరుకుతుంది, ధరలో చౌక. అలై ఎక్స్‌లో ఆసుస్ దానికే చోటు చేసింది. కొనేవాడికి ఇంతకంటే మేలు చేసిన మార్పు ఆ పెట్టెలో లేదంటాను.

డెక్ తొలి మోడళ్లలో అన్నిటికన్నా చౌకైన 64 జీబీ పెట్టె కొని, వెనక మూత విప్పి తామే 512 జీబీయో 1 టీబీయో వేసుకున్నవాళ్లు బోలెడుమంది. అది తెలివైన బేరం. అయితే రెండు జాగ్రత్తలు. పాత ఎస్‌ఎస్‌డీకి చుట్టి ఉండే పలచటి లోహపు తొడుగును తీసి కొత్తదానికి వేయాలి. పక్కనున్న వైఫై భాగానికి రేడియో రొద తగలకుండా కాపాడేది అదే. ఇక 30 మిల్లీమీటర్ల చోట 42 ఉన్నదాన్ని ఇరికించే ప్రయత్నం చేయొద్దు. అలా చేయాలంటే ఛార్జింగ్ చిప్ దగ్గర వేడిని పీల్చే మెత్తలను జరపాల్సి వస్తుంది, అది ప్రమాదమని వాల్వ్ 2022లోనే బహిరంగంగా హెచ్చరించింది.

మెమరీ కార్డు అన్నిటికన్నా సులువు, అన్నిటికన్నా నెమ్మది. డెక్‌లోని యూహెచ్‌ఎస్-1 గాడి గరిష్ఠ వేగం సెకనుకు 104 ఎంబీ. ర్యామ్ దారితో పోలిస్తే ఎనిమిది వందల రెట్లకు పైగా ఇరుకు. అయినా చిన్న ఆటలకు, పాత ఆటలకు బాగానే సరిపోతుంది. పెద్ద ఆట మొదలయ్యేటప్పుడు కాసేపు ఆగాల్సి వస్తుంది, అంతే. 2025 జూన్ 5న విడుదలైన నింటెండో స్విచ్ 2 పాత కార్డుల మీద ఆటలు దాచనివ్వదు, మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ రకమే కావాలంటుంది. చాలామందికి కోపం వచ్చింది. కానీ ఆ రకం అనేక రెట్లు వేగం, పైగా అది ఎవరైనా తయారు చేయగల ఉమ్మడి ప్రమాణం.

అసలు కోపం రావాల్సింది సోనీ మీద. 2000ల్లో మన పిల్లలు మోజుపడ్డ పీఎస్‌పీలో మెమరీ స్టిక్ అనే సొంత రకం కార్డే పట్టేది. తర్వాతి వీటా పెట్టెకు ఇంకో కొత్త సొంత రకం. బజారులో దొరికే మైక్రోఎస్‌డీ చేయలేని పని అందులో ఏదీ లేదు, ధర మాత్రం ఎక్కువ. జనం ఊరుకోలేదు. మెమరీ స్టిక్ ఆకారంలో ఉండి లోపల మైక్రోఎస్‌డీ పట్టే తొడుగులు వచ్చాయి. కంపెనీ గీసిన గీతను చౌక ప్లాస్టిక్ ముక్క చెరిపేసింది. భౌతికశాస్త్రం గీసిన గీత అయితే అలా చెరగదు.

కార్డుల విషయంలో మోసం కూడా ఉంది. ఫుట్‌పాత్ మీద 1 టీబీ కార్డు నమ్మలేనంత చౌకగా దొరికితే నమ్మకండి. లోపల 32 జీబీ చిప్పే ఉంటుంది. కార్డులోని చిన్న నియంత్రణ చిప్‌కు "నువ్వు 1 టీబీ అని చెప్పు" అని నేర్పి ఉంటారు. 32 జీబీ నిండేదాకా అంతా బాగుంటుంది. ఆ తర్వాత ఎక్కించిన ఆట పాత ఆట మీదే రాసుకుంటూ పోతుంది. కొన్న రోజే కార్డు మొత్తాన్ని నింపి తిరిగి చదివి సరిచూసే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లతో పరీక్షిస్తే నిజం బయటపడుతుంది.

మే నెలలో ఆటపెట్టె

డెక్ 0 నుంచి 35 డిగ్రీల గది వేడిలో బాగా పనిచేస్తుందని వాల్వ్ చెబుతుంది. చిప్ వేడి 100 డిగ్రీలకు చేరితే తానే వేగం తగ్గించుకుంటుంది. దీన్ని వేడి వెనకడుగు, అంటే థ్రాటిలింగ్ అందాం. 105 దగ్గర మొత్తం ఆగిపోతుంది. ఆ మాట చెప్పింది 2022లో యూరప్ వడగాడ్పులప్పుడు. మనకు మే నెలలో 40 దాటడం వార్త కూడా కాదు. ఎండకు కాలిన స్లాబు కింద, పై అంతస్తు హాస్టల్ గది సంగతి ఇక చెప్పేదేముంది. గది 25 డిగ్రీలున్నప్పుడు చిప్ ఎంత వేడెక్కుతుందో, 42 ఉన్నప్పుడు అదే పనికి సుమారు మరో 17 డిగ్రీలు పైన ఉంటుంది. వెనక నుంచి చల్లగాలి పీల్చి పైనుంచి వదిలే ఫ్యాన్‌కు పీల్చుకోవడానికి చల్లగాలే లేదు.

వేడి చిప్‌తోనే ఆగదు. అలైలో వేడెక్కువైన కొన్ని పరిస్థితుల్లో మెమరీ కార్డు గాడి పనిచేయకపోవచ్చని 2023లో ఆసుస్ ఒప్పుకుని, ఫ్యాన్ వేగం పెంచుతూ సవరణ విడుదల చేసింది. చిన్న పెట్టెలో అందరూ అందరికీ ఇరుగుపొరుగే మరి.

వేడికి మూలం కరెంటు, కరెంటుకు మూలం బ్యాటరీ. 40 వాట్-గంటలంటే ఇంటి కరెంటు బిల్లులో ఒక యూనిట్‌కు ఇరవై ఐదో వంతు. పెట్టె మొత్తం 20 వాట్లు లాగితే రెండు గంటలు, 8 వాట్లు లాగితే ఐదు. అందుకే పైసా ఖర్చు లేని మెరుగు ఒకటుంది. సెకనుకు 60 బొమ్మలు గీసే ఆటను 40 దగ్గర కట్టేయడం. డెక్ సెట్టింగుల్లో ఆ వీలుంది. కంటికి తేడా కొద్దిగానే, బ్యాటరీకి మాత్రం బాగా తెలుస్తుంది. చిప్ చల్లగానూ ఉంటుంది. దీనికి పూర్తిగా వ్యతిరేకం తెర మార్చి చుక్కలు పెంచుకోవడం. 1920, 1080 తెర అంటే డెక్ తెర కంటే చుక్కలు రెట్టింపు, మాస్టర్ మాత్రం పాతవాడే.

పెద్ద బ్యాటరీ కావాలంటే కొత్త మోడలే దిక్కు. 2023 నవంబర్‌లో వచ్చిన డెక్ ఓఎల్‌ఈడీలో 50 వాట్-గంటలు. అలై ఎక్స్‌లో ఏకంగా 80, అయినా పెట్టె బరువు 608 గ్రాముల నుంచి 678కే పెరిగింది. పాత పెట్టె ఉన్నవాళ్లకు పవర్ బ్యాంక్ చాలు. 45 వాట్ల యూఎస్‌బీ-సీ పీడీ అని రాసి ఉన్నది చూసి కొనాలి. 20,000 ఎంఏహెచ్‌ను సెల్లు వోల్టేజీ 3.7తో గుణిస్తే 74 వాట్-గంటలు. విమానంలో అనుమతి లేకుండా చేతి సంచిలో తీసుకెళ్లగల 100 పరిమితిలోపే.

బ్యాటరీ ముసలిదయ్యాక మార్చడం దగ్గర మళ్లీ కంపెనీల తప్పే కనబడుతుంది. స్క్రూ పెట్టగలిగిన చోట జిగురు పూశారు. డెక్ తొలి మోడల్‌లో బ్యాటరీని పెకిలించడానికి వేడిచేసి, సహనంతో పీకాలి. వంగినా చీలినా లిథియం సెల్లు మంటపెడుతుంది. ఇది ఇంట్లో చేసే పని కాదు. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన బ్యాటరీ నియమావళి ప్రకారం 2027 ఫిబ్రవరి నుంచి చిన్న పరికరాల బ్యాటరీని వాడేవాడే ఊడదీసేలా చేయాలి. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్‌లో మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. కంపెనీలు తమ మరమ్మతు సమాచారాన్ని అందులో పెట్టాలి. యూరప్ చట్టానికున్న కోరలు దీనికి ఇంకా రావాలి.

పుల్ల తూలితే

ఎక్కువ పెట్టెలను మరమ్మతు బల్ల మీదికి తెచ్చేది ర్యామూ కాదు, ఎస్‌ఎస్‌డీ కాదు, బొటనవేలి కింద తిరిగే పుల్ల. ఎవరూ ముట్టుకోకపోయినా తెర మీది బొమ్మ ఒక పక్కకు నడిచిపోతుంటుంది. పుల్ల తూలుడు, అంటే స్టిక్ డ్రిఫ్ట్. నింటెండో స్విచ్ పుల్లల మీద అమెరికాలో 2019లో కోర్టు కేసులు కూడా పడ్డాయి.

మామూలు పుల్ల లోపల కర్బనపు పూత పూసిన దారి మీద సన్నటి లోహపు నాలుక రాసుకుంటూ తిరుగుతుంది. ఎక్కడ తాకుతోందో దాన్ని బట్టి విద్యుత్ నిరోధం మారుతుంది, అదే పుల్ల ఎటు వంగిందో చెబుతుంది. లక్షలసార్లు రాసుకుంటే పూత అరుగుతుంది, ఆ పొడి నాలుకకు అడ్డుపడుతుంది. బయటి దుమ్ము కూడా తోడైతే చెప్పేదేముంది.

దీనికి మందు దాదాపు నూట యాభై ఏళ్ల నాటిది. కరెంటు పారుతున్న పలచటి లోహపు రేకుకు అయస్కాంతాన్ని చూపిస్తే రేకు అంచుల మధ్య చిన్న వోల్టేజీ పుడుతుందని 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టాడు. హాల్ పుల్లలో అయస్కాంతం పుల్లతోపాటు కదులుతుంది, కొలిచే రేకు దూరంగా ఉంటుంది. రెండూ తాకవు కనుక కొలిచే చోట అరుగుదల లేదు. డెక్‌లో పుల్ల విడి ముక్కగా, స్క్రూలతో బిగించి ఉంటుంది. గులీకిట్ లాంటి కంపెనీల హాల్ పుల్లలు దానికి దొరుకుతాయి. సోల్డరింగ్ అవసరం లేదు. కొనేటప్పుడు మోడల్ మాత్రం సరిచూసుకోవాలి, పాత డెక్ పుల్ల ఓఎల్‌ఈడీ డెక్‌కు పట్టదు. బిగించాక కొత్త పుల్ల నడిమి స్థానం ఏదో యంత్రానికి నేర్పే క్యాలిబ్రేషన్ ఒకసారి నడపాలి. ఆ మెట్టు దాటేసి, కొత్త పుల్ల కూడా తూలుతోందని దాన్ని తిప్పి పంపేవాళ్లున్నారు.